ఎనిమిది చుక్కలు

అశోక్‌నగర్‌లో మా వంటింటి కిటికీ కింద ఒక జిరాక్సు దుకాణం ఉంది. దాని రేకు మీద పై అంతస్తు ఏసీ నీళ్లు పడుతుంటాయి. ఎండాకాలం మొదలైందంటే పొద్దస్తమానం టప్ టప్ మని అదే చప్పుడు. మా ఆవిడకు చిరాకు. నా బాధ వేరు, నేను లెక్కపెడతాను. ఎనిమిది చుక్కలు గబగబా పడి, ఆ తర్వాత ఒక్క క్షణం ఆగితే, చేతిలో టీ గ్లాసుతో అక్కడే నిలబడిపోతాను. ఆ ఎనిమిదింటికి అర్థం నేర్పింది విమల మేడం. ఆవిడ గురించి సరిగా చెప్పాలంటే నా పరువు కొంత పోతుంది. పోనీ, ఇన్నాళ్లూ దాన్ని కాపాడుకుని నేను సాధించిందేమీ లేదు.

ముప్పై రెండేళ్ల వయసులో, బషీర్‌బాగ్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, చిక్కడపల్లిలో ఆవిడ ఇంటి కింది వాటాలో కిరాయికి దిగాను. ఆవిడ ఫిజిక్స్ చెప్పి రిటైరైన లెక్చరర్. ఒక్కతే ఉండేది. డాబా మీద వెదురు కర్రలకు కట్టిన రాగితీగ, ముందుగదిలో దూరదూరాల వాళ్లతో మాట్లాడే హ్యామ్ రేడియో, బీరువాలో తాళం వేసి పెట్టిన రైఫిల్. పోటీల్లో గురి చూసి కొట్టే రకం అది. తోటి ఆడవాళ్లు పూజలూ టీవీ సీరియళ్లూ చూసుకునే వయసులో ఈ రెండు సరదాలేమిటని నవ్వుతూ అడిగాను. ఆవిడ నవ్వలేదు. రెండింటికీ ఊపిరి బిగబట్టి ఆగడం రావాలని, రెండింటికీ సర్కారు లైసెన్సు ఎందుకు ఇస్తుందో తెలియకుండా చెయ్యి పెట్టకూడదని చెప్పింది. వారం తిరక్కుండానే నేను ఆవిడ శిష్యుణ్నయ్యాను.

సాయంత్రాలు రేడియో కీ నొక్కుతూ మోర్స్ పాఠం. చిన్న చప్పుడు చుక్క, పెద్దది గీత, వాటితోనే అక్షరాలన్నీ. నేను తప్పు కొట్టి, అదేమీ ఎరగనట్టు ముందుకు పోయేవాణ్ని. అది ఆవిడకు అస్సలు గిట్టేది కాదు.

"తప్పు కొట్టినవా, ఆగు. ఎనిమిది చుక్కలు కొట్టు. తప్పయిందని చెప్పుడన్నట్టు. ఆ ఎంబడే సరైన మాట పంపు," అంది ఒకరోజు. "నువ్వు దాచిపెడితే అవతలోడు నీ తప్పునే నిజమని రాసుకుంటడు, నర్సింగ్."

ఆ ఏడాదే మేడం మోకాలికి ఆపరేషనయింది. రైఫిల్ ట్రిగ్గర్ వదులైంది, బాగుచేసే దుకాణం బషీర్‌బాగ్ అవతల. నేను తీసుకెళ్తానన్నాను. లైసెన్సు లేనివాడు మరమ్మతుకు తుపాకి మోసుకెళ్లాలంటే లైసెన్సుదారు రాసివ్వాలట. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కూర్చుని ఒక ఉత్తరం రాసింది. నా పేరు, చిరునామా, తుపాకి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ రోజు. తూటాలు ఇంట్లోనే ఉంచి, తూటా ఎక్కించే బోల్టు ఊడదీసి వేరే సంచిలో, తుపాకిని పొడుగు పెట్టెలో పెట్టింది. నేరుగా పోయి నేరుగా రమ్మంది. మధ్యలో ఎక్కడా ఆగొద్దని రెండుసార్లు చెప్పింది.

నేను నారాయణగూడలో ఆగాను. రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. చాయ్ హోటల్లో ఆఫీసు మిత్రులిద్దరు కనిపించారు. ఆ పొడుగు పెట్టెలో ఏముందని వాళ్లు అడగాలని నాకు ఎంత ఆశో. అడిగారు. బల్ల మీద పెట్టి మూత తీశాను. పక్క బల్లవాళ్లు లేచి వెళ్లిపోతుంటే, నిజం చెప్తున్నాను, గర్వపడ్డాను. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, పావుగంటలో పోలీసులొచ్చారు. మిత్రులు అప్పటికే మాయం.

స్టేషన్‌లో ఎస్సై మర్యాదగానే అడిగాడు. ఉత్తరం చొక్కా జేబులో ఉంది. తీసి చూపిస్తే సరిపోయేది. కానీ అందులో నా పేరుంది, దారి తప్పినట్టు తేలుతుంది, బ్యాంకుకు కబురు పోతుంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"ఇంటి ఓనర్ మేడం ఇచ్చి పంపింది సార్. పెట్టెల ఏమున్నదో నాకు తెల్వదు. చూద్దామని ఇప్పుడే మూత తీసిన."

ఎస్సై కబురు పెడితే మేడం ఆటోలో వచ్చింది, కుంటుకుంటూ, గోడ పట్టుకుని. నేను చెప్పింది విన్నది. ఎవరికైనా రాసిచ్చారా అని ఎస్సై ఆవిడను అడిగాడు. ఆవిడ నా వైపు చూసింది. పాఠంలో కీ మీద నుంచి చెయ్యి తీసి, ఇక నీ వంతు అన్నట్టు చూసే చూపు. నేను నేల చూశాను.

"తుపాకి నాది. లైసెన్స్ నాది. పూచీ నాది," అంది ఎస్సైతో. "అతన్ని పోనియ్యున్రి."

ఉత్తరం మాటెత్తితే నా ఉద్యోగానికి ముప్పని ఆవిడకు తెలుసు. ఏమీ తెలియనివాడి చేతికి ఆయుధం ఇచ్చి పంపిందని నమోదైంది. రైఫిల్ లైసెన్సు రద్దయింది, మళ్లీ రాలేదు. బీరువాలో రైఫిల్ ఉన్నచోట బియ్యం డబ్బా పెట్టుకుంది. నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమంటుందనుకున్నాను. మర్నాడు సాయంత్రం పాఠానికి పిలిచింది. అంతకుముందు లేని అలవాటు ఒక్కటే కొత్తగా వచ్చింది. పాఠం అయ్యాక ప్రతిసారీ, "ఇంకేమన్న పంపేదున్నదా?" అని అడిగేది. లేదు మేడం అనేవాణ్ని. రెండేళ్లు అన్నాను. నాకు హ్యామ్ లైసెన్సు వచ్చిన రోజు గల్లీ అంతా మిఠాయి పంచింది. సిగ్గుతో నేను ఒక్క ముక్క తినలేకపోయాను.

పోయినేడు ఆవిడ పోయింది. పదోరోజు భోజనాల దగ్గర ఆవిడ చెల్లెలి కొడుకు నా పక్కనే కూర్చున్నాడు. "పెద్దమ్మకు అన్నీ తెల్సు గని జర నిర్లక్ష్యం అన్నా. ఎవరో తెల్వనోని చేతిల తుపాకి పెట్టి పంపిందట," అన్నాడు. ఆ తెలియనివాడు నేనేనని అతనికి తెలియదు. నేను తలాడించి పెరుగన్నం కలుపుకున్నాను. స్టేషన్‌లో భయం అనుకోవచ్చు. ఇక్కడ ఏ భయం?

మేడం రాసిన ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోతోంది. పర్సులో ఇప్పటికీ మోస్తున్నాను. ఇవాళ చుక్కలు ఎనిమిది పడి ఆగినప్పుడు కిందికి దిగి, ఆ రేకు కింది దుకాణంలోనే దానికి ఒక నకలు తీయించాను. ఆ అబ్బాయికి పోస్టు చేస్తున్నాను. వెనకవైపు ఇలా రాశాను.

ఎనిమిది చుక్కలు. పెట్టెలో తుపాకి ఉందని నాకు తెలుసు. మీ పెద్దమ్మ రాసిచ్చిన ఈ ఉత్తరం అప్పుడు నా జేబులోనే ఉంది. నా పేరు నర్సింగరావు.