ఈ పూట ఏముందో నోటితో చెప్పే హోటళ్లు: హిందూపురం నుంచి ధర్మవరం దాకా

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు షాహీన్ రాస్తోంది. నా పేరు దస్తగిరమ్మ. హిందూపురంలో కాలేజీ రోడ్డు మీద మాకు చిన్న హోటల్ ఉంది. పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం నుంచి రాగి సంగటి ముద్దలు, కోడి పులుసు, ముక్కల్లేని బిర్యానీ అన్నం కుష్కా. మా ఆయన పోయాక నేనే నడిపాను, ఇప్పుడు షాహీన్ చేతికి వస్తోంది. ఒకప్పుడు ఈ రోడ్డులో మాది కాక ఇంకో రెండు హోటళ్లుండేవి. కాలేజీలు పెరిగాయి, హాస్టళ్లు పెరిగాయి, ఇప్పుడు షటరు ఎత్తిన ప్రతి కొట్టూ తిండి కొట్టే. మోమోలు, షవర్మా, మందీ. నిరుడు జ్యూస్ అమ్మిన చోట ఇప్పుడు పిజ్జా కాలుస్తున్నారు. వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. వచ్చే పిల్లలు అంతమంది ఉన్నారు, అందరి పొయ్యీ వెలగాల్సిందే.

గొడవ మా ఇంట్లోనే మొదలైంది. హోటల్ మార్చాలని షాహీన్ అంది. గోడలకు రంగు అంది, సరే అన్నాను. కొత్త బల్లలు అంది, సరే అన్నాను. అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. ఇక సర్వరు ఉండడట. బల్ల మీద ఒక గుర్తు అతికిస్తారట. ఫోన్‌ను దానికి చూపిస్తే ఐటమ్స్ వస్తాయట. అక్కడే నొక్కి, అక్కడే డబ్బు కట్టి, టోకెన్ పిలిచినప్పుడు లేచి వెళ్లి ఎవరి ప్లేటు వాళ్లు తెచ్చుకోవాలట. టోకెన్ కౌంటరు కట్టడానికి కార్పెంటరుకు కూడా చెప్పేసింది.

మా హోటల్ ఎలా నడుస్తుందో చూడనివాళ్లకు చెప్పాలి. మా దగ్గర బోర్డు లేదు. మనిషి కూర్చోగానే మా సర్వరు ఓబులేసు నీళ్లు పెట్టి, ఆ పూట ఉన్నవన్నీ ఒక్క గుక్కలో చెబుతాడు. ఆ మనిషి తిని చెయ్యి కడుక్కుని వచ్చేలోపు, ఏం తిన్నాడో, ఎంతైందో బల్ల దగ్గర నుంచే అరుస్తాడు. గల్లా దగ్గర కూర్చున్న నేను ఆ అరుపు విని డబ్బు తీసుకుంటాను. కాగితం లేదు, పెన్ను లేదు. ఇన్నేళ్లూ మా హోటల్ నోటి మీదే నడిచింది. చదువు రాని నేను హోటల్ నడపగలిగానంటే అందుకే.

"ఓబులేసును ఏం చేస్తావే?" అన్నాను.

"లోపల ప్లేట్లు సూసుకుంటాడులే అవ్వా."

"మరి నన్ను?"

"నువ్వు రెస్టు తీసుకో."

"రెస్టు గోరీలో తీసుకుంటాలేవే. ముందు నా మాట ఇను."

ఇద్దరం రెండు రోజులు ముఖాలు చూసుకోలేదు. మా గొడవ విన్న ఓబులేసుకు ఐటమ్స్ చెప్పేటప్పుడు గొంతు కిందికి దిగింది. కోడి పులుసును కూడా పథ్యం తిండిలాగా చెబుతున్నాడు. చివరికి షాహీనే దిగివచ్చింది. "ఒక్క దినం నాతో రా అవ్వా. పెనుకొండ, ధర్మవరం పోయొస్తాం. మారిన హోటళ్లూ సూడు, మారనివీ సూడు. తిరిగొచ్చినాక నువ్వేమంటే అదే. కార్పెంటరు ఎల్లుండి వస్తాడు." ఇదీ మా ప్రయాణానికి కారణం.

పొద్దున ఆరున్నరకు హిందూపురం బస్టాండులో పెనుకొండ బస్సు ఎక్కాం. సోమందేపల్లి మీదుగా గంట పైన పడుతుంది. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. నేను సంచి వెతుక్కుంటుంటే కండక్టరు నిలబడి చూస్తున్నాడు.

"కార్డు సూపీ అవ్వా."

"నా మొగం సూస్తే తెల్దాప్పా నేను ఆడదాన్నని?"

"ఆడదానివని తెలుస్తాది. ఆంధ్రానో కర్ణాటకనో మొగంలో తెల్దు. ఎక్కింది బార్డరు ఊరు హిందూపురంలో కదా!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి కార్డు చూపించాను.

పెనుకొండలో దిగి బస్టాండు దగ్గరే పాత టిఫిన్ హోటల్లోకి వెళ్లాం. కొండ మీది కోట గోడ కనిపించే చోటు. కూర్చోగానే సర్వరు వచ్చి నీళ్లు పెట్టి మొదలుపెట్టాడు. "ఇడ్లీ, వడ, దోస, ఉగ్గాని బజ్జీ. ఉగ్గాని ఇప్పుడే దించినాం. పూరీ మాత్రం అడగొద్దండి, పిండి ఇంగా నానలా." నేను షాహీన్ మోకాలి మీద వేలితో పొడిచాను. పిండి నానలేదని నీ బల్ల మీది గుర్తు చెబుతుందా? ఉగ్గాని, బజ్జీ, ఇద్దరికీ కాఫీ కలిపి వంద రూపాయల లోపే. బొరుగులు మెత్తబడకుండా, పుట్నాల పొడి చేతికి తగులుతూ, చేసిన మనిషికి చేతులెత్తి మొక్కేలా ఉంది. మొదటి ఆట నాదే అనుకున్నాను.

షాహీన్ తాపీగా కాఫీ తాగి, గొంతు తగ్గించి అడిగింది. "అవ్వా, ఈ హోటల్లో మనం గాక ఇంగొక్క ఆడమనిషి ఉండాదేమో సూడు."

చూశాను. లేదు. బయట గుమ్మం పక్కన కాలేజీ బ్యాగులు తగిలించుకున్న ముగ్గురు ఆడపిల్లలు పార్సిల్ కోసం నిలబడి ఉన్నారు. లోపల సగం బల్లలు ఖాళీగానే ఉన్నాయి. తిని లేచినవాళ్ల లెక్కను సర్వరు ఇక్కడా అరుస్తున్నాడు.

"నేను కాలేజీకి పోయినన్ని దినాలూ నా ఫ్రెండ్సు ఒక్క పూటైనా మన హోటల్లో కూసోలేదు. పార్సిలే. యెందుకో నీకు తెల్సా? ఓబులేసన్న అరుపుకు. 'పచ్చ చుడీదారు, మూడు ముద్దలు, ఒక కోడీ!' అని రోడ్డు మీదికి ఇనపడేట్టు అరుస్తాడు. ఆడపిల్ల ఎన్ని ముద్దలు తినిందో ఊరంతా యెందుకు తెలియాల?"

ఆ అరుపు నాకు లెక్క. అది ఇంకొకరికి సిగ్గు అవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పార్సిల్ కట్టించుకునే పిల్లలను చూసి, ఇంటికెళ్లి తీరిగ్గా తింటారు కాబోలు అనుకున్నాను. చెయ్యి కడుక్కుని బయటికి నడిచాను.

అక్కడి నుంచి షాహీన్ ఆటో మాట్లాడింది. ఆ పక్క కొరియా కంపెనీ కార్ల ఫ్యాక్టరీ వచ్చాక హైవే పక్కన కొరియావాళ్ల కోసం హోటళ్లు వెలిశాయి కదా, వాటిలో ఒకటి చూపిస్తానంది. ఆటోవాడు వెనక్కి తిరిగి, "ఆడ యేం తింటావవ్వా, అంతా సప్పగా ఉంటాది," అన్నాడు. "నీకెట్ల తెలుసు, తినినావా?" అంటే, "బయట నుంచి వాసన సూసినా," అన్నాడు. రానూపోనూ మూడు వందలు తీసుకున్నాడు. ఇంకెవరైనా తోడుంటే మీరు పంచుకోవచ్చు.

లోపల నీట్‌గా, చల్లగా ఉంది. ఆ పూట వంటలు కాగితాల మీద రాసి గోడకు అతికించారు. అంతా కొరియా రాత. నాకైతే ఏ రాతైనా ఒకటే, హాయిగా కూర్చున్నాను. షాహీన్ మాత్రం గోడ వైపు చూస్తుంది, ఫోన్ వైపు చూస్తుంది, మళ్లీ గోడ వైపు చూస్తుంది. ఫోన్‌తో ఫొటో తీస్తే అదేదో తెలుగులో చెప్పిందట, 'వీపు ఎముక వేడి రాయి' అని. ఆ మాట చదివి ఫోన్ మూసేసింది. పక్క బల్లల వాళ్లు ప్లేట్లు ఖాళీ చేస్తున్నారు. మేం ఊరికే కూర్చున్నాం.

వడ్డించే ఆమె సోమందేపల్లి మనిషి. మా ముసుగులు చూసి తనే వచ్చింది. "అక్కా, గోడ మీద ఉండేవాట్లో సగం పంది మాంసం, అవి వద్దు. కోడి మీ పద్ధతిలో కోసింది కాదు, అదీ వద్దు. అన్నం మీద కూరగాయలు, గుడ్డు ఏసి గిన్నెలో ఇస్తారు. అది తినండి. కారం ముద్ద పక్కన పెట్టిస్తా, అవ్వకు ఎంత కావల్లంటే అంత కలుపుకోవచ్చు."

వేడి రాతి గిన్నెలో వచ్చింది అన్నం. అడుగున మాడిన పెచ్చు కరకరలాడుతూ ఉంది. మా సంగటి గిన్నె అడుగున వచ్చే మాడు లాంటిదే. ఒక గిన్నె నాలుగు వందల దాకా పడింది, ఒక్కటి ఇద్దరికి సరిపోయింది. ఆటోవాడి మాట నమ్మకండి, సప్పగా లేదు.

షాహీన్ గిన్నె అడుగు గీరుతూ, "అడగాలంటే సిగ్గేసిందవ్వా," అంది.

"యేమని?"

"సదువుకున్నా కదా, సదవలేనని యెట్ల చెప్పాల?"

నేను పొడవలేదు, గెలిచానని అనలేదు. పొద్దున నాకు తగిలిందే దానికీ తగిలింది. అన్నం ముందర కూర్చున్న మనిషి పడే సిగ్గు.

పెనుకొండ నుంచి కొత్తచెరువు మీదుగా ధర్మవరం బస్సులో పోతే గంటన్నర. మధ్యాహ్నం మూడుకు దిగాం. పట్టు చీరల అంగళ్ల వీధి దగ్గర కొత్తగా పెట్టిన సెల్ఫ్ సర్వీసు హోటలుకు తీసుకెళ్లింది షాహీన్, తన లెక్కలో అది తన ఆఖరి పేక ముక్క. నిజం చెప్పాలి, బాగుంది. ఆడవాళ్లకు వేరే బాత్రూం, లోపల గడియ, నీళ్లు. నా వయసు మనిషికి ప్రయాణంలో అంతకన్నా ఏం కావాలి? కాలేజీ పిల్లలు, ఆడపిల్లలే ఆరేడుమంది, ఒక బల్ల చుట్టూ చేరి పెద్దగా నవ్వుతూ తింటున్నారు. ఎవరు ఎంత తిన్నారో అరిచేవాళ్లు లేరు. ఆ నవ్వు మా హోటల్లో నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు ఒక మగ్గం నేసే పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. చీరలు అంగడిలో ఇచ్చి వస్తున్నట్టున్నారు, చేతిలో ఖాళీ సంచి. "యేముండాదప్పా?" అని ఆయన కౌంటరులో అడిగాడు. కౌంటరులో కూర్చున్నతను తల ఎత్తకుండా పైన బోర్డు చూపించాడు. పెద్దాయన బోర్డు వైపు కాసేపు చూశాడు. తర్వాత, "రెండు టీలియ్యి," అన్నాడు.

వాళ్లు మా పక్క బల్లకు వచ్చి కూర్చున్నారు. నేను ఆమెను అడిగాను. "యేమ్మా, అన్నం తిన్యారా?"

"యాడక్కా, పొద్దున తాగిన గంజే."

"మరి టీలు చెప్పినారే?"

"టీ అయితే యాడైనా ఉంటాది కదా," అంది ఆమె, గొంతు తగ్గించి.

నేను ఏదో అనబోయాను. అప్పటికే షాహీన్ లేచింది. ఆ పెద్దాయన పక్కన నిలబడి, బోర్డు చూస్తూ మొదలుపెట్టింది. "చిత్రాన్నం, పెరుగన్నం, పలావు, పూరీ, చపాతీ, మసాలా దోసా." అంతా ఒక్క గుక్కలో. చివర దోసా దగ్గర గొంతు పైకి లేపింది చూడండి, అచ్చం ఓబులేసే. చిన్నప్పటి నుంచి విన్నది ఎక్కడికి పోతుంది? చిత్రాన్నం రెండు చెప్పించుకున్నారు. టోకెన్ పిలిస్తే ప్లేట్లు కూడా షాహీనే తెచ్చి పెట్టింది. పెద్దాయన తింటూ, "యే హోటల్ పాపవమ్మా నువ్వు?" అన్నాడు. అది నా వైపు చూసింది.

తిరుగు ప్రయాణం రైల్లో. ధర్మవరం జంక్షన్ నుంచి సాయంత్రం పూట హిందూపురం వైపు బండ్లుంటాయి, ప్యాసింజరు టికెట్ చవక, రెండు గంటల లోపే. కిటికీ పక్కన కూర్చుని పెనుకొండ కొండ వెనక్కి పోతుంటే మా తీర్పు మేం చెప్పుకున్నాం. టోకెన్ కౌంటరు వద్దని తనే కార్పెంటరుకు ఫోన్ చేసింది. ఆ చెక్కతో లోపలి వైపు ఆడపిల్లలు కూర్చోవడానికి రెండు బల్లలు, ఒక అడ్డు తెర లాంటి పలక చెయ్యమంది. బాత్రూం కట్టించడం నా వంతు. ఐటమ్స్ నోటితో చెప్పడం ఉంటుంది. తిన్నది అరవడం ఉండదు.

దీపాలు పెట్టే వేళకు హోటల్ చేరాం. గుమ్మం పక్కన ఎప్పటిలాగే ఇద్దరు హాస్టల్ పిల్లలు పార్సిల్ కోసం నిలబడి ఉన్నారు. "లోపలికి రండమ్మా, కూసోని తినండి," అన్నాను. జంకుతూ వచ్చారు. ఓబులేసు నీళ్లు పెట్టి, సంగటి, కోడి పులుసు, కుష్కా అని మొదలుపెట్టి, ఆడపిల్లలు ఎదురుగా కూర్చుని తన ముఖం చూస్తుంటే మిగతాది మరిచిపోయాడు. "తలకాయ కూర," అని షాహీన్ వెనక నుంచి అందించింది. పిల్లలు నవ్వారు, ఓబులేసు కూడా. వాళ్లు తిని చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు అతను అలవాటుగా నోరు తెరిచాడు. నేను వేలు పెదవుల మీద పెట్టుకున్నాను. అతను గల్లా దాకా నడిచివచ్చి, వంగి, నా చెవిలో చెప్పాడు.

హోటళ్లు మారతాయి, మారాలి కూడా. బోర్డులు రానీ, ఫోన్లు రానీ, కొరియా గిన్నెలు రానీ, నాకు పేచీ లేదు. నా వాదన ఒక్కటే. తినడానికి వచ్చిన మనిషి చదవలేనని గానీ, ఎక్కువ తిన్నానని గానీ తల దించుకోకూడదు. అది చూసుకునే హోటల్, పాతదైనా కొత్తదైనా, నా లెక్కలో మంచి హోటల్.

ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక్క మాట. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఎక్కడ కూర్చున్నా ముందు బోర్డు చూడకండి. "ఈ పూట యేముండాది?" అని నోరు తెరిచి అడగండి, ఇప్పుడే దించింది ఏదో, అడగకూడనిది ఏదో వాళ్లే చెబుతారు. మా హోటలుకు వస్తే ఓబులేసు చెబుతాడు, కడుపునిండా తినండి. ఆ రోజు ఆ పిల్లలిద్దరూ ఎన్ని ముద్దలు తిన్నారో ఓబులేసుకు తెలుసు, నాకు తెలుసు. షాహీన్ అడిగినా చెప్పలేదు, మీకూ చెప్పను.