నామినీ పేరు నిర్మల

సిమెంటు ఫ్యాక్టరీల పనిచేసే మా పక్కింటి లింగస్వామికి తల్లి పేరు, పెండ్లాం పేరు ఒక్కటే, సైదమ్మ. తల్లి పేరుతోటి పెండ్లాన్ని పిలువలేక నిర్మల అనేటోడు. ఊరంతా మాత్రం సైదమ్మ అనే పిలిచింది. చాయ్ సుత మానుకొని పదకొండేండ్లు బీమా కట్టిండు. నామినీ పేరు నిర్మల అని రాయించిండు. ఆధార్ చూసి రాయిస్తే ఏం పోతుండె?

మొన్న గుండెపోటుతోటి పోయిండు. సైదమ్మ ఎంట బీమా ఆఫీసుకు నేనూ పోయిన.

“ఆధార్‌లో సైదమ్మ అని ఉంది. ఈ నిర్మల ఎవరు?” అన్నడు సారు.

“నేనే సారూ.”

“నిన్ను నిర్మల అని పిలిచేవాళ్లను ఎవరినైనా తీసుకురామ్మా.”

“ఆయనొక్కడే పిలుస్తుండె,” అన్నది సైదమ్మ.

ఆయన చావు సర్టిఫికెట్ సారు చేతిలనే ఉన్నది.