పేరు కనిపించిన షట్టర్

మొన్న కరెంటు ఆఫీసు నుంచి అంటూ ఎవరో ఫోన్ చేసి, సాయంత్రానికల్లా మీ ఇంటికి సరఫరా ఆపేస్తున్నాం, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పండి అంటే, ఏడో తరగతిలోనే లెక్కలకు జడిసి బడి మానేసినవాడినైనా ఆ అంకెలన్నీ ఒక్క తప్పు లేకుండా చదివి వినిపించాను. జన్మలో మొదటిసారి లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి, బ్యాంకు ఖాతాలో మాత్రం సున్నా వచ్చింది.

ఒకప్పుడు జగ్గయ్యపేటలో నెట్ సెంటర్ నడిపిన మనిషినండి నేను. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ప్లైవుడ్ అరల్లో కూర్చుని పిల్లల పరీక్షా ఫలితాలు చూసుకున్న రోజులు. వత్సవాయి వైపు నుంచి వచ్చేవాళ్లు పాస్‌వర్డ్ మరిచిపోతామని నా గోడ మీదే, పక్కన పేరుతో సహా, పెన్సిల్‌తో రాసి వెళ్లేవారు. ఒకసారి సున్నం వేయిస్తే అందరూ కలిసి కొట్లాటకు వచ్చారు.

ఆ గోడ చూశాక మా బావకు, అంటే మా అక్క భర్తకు, మనసు నిలవలేదు. నందిగామలో ప్రైవేటు కాలేజీ లెక్చరర్. రేపు బ్యాంకులన్నీ ఈ పెట్టెల్లోకి వస్తే ఈ జనం గతేమిటి, వాళ్లను కాపాడే నియమాలు ఎలా ఉండాలో ముందే పరిశోధించి ప్రభుత్వానికి రాసివ్వాలి అని ఉద్యోగం వదిలేసి, నందిగామ బజారులో ఒక గది అద్దెకు తీసుకుని అధ్యయన కేంద్రం అని బోర్డు పెట్టాడు. దాతలు ఆదుకుంటే కేంద్రం నిలుస్తుంది, లేకపోతే మళ్లీ ట్యూషన్లు. నోరున్నవాడినని విరాళాలకు నన్ను వెంటబెట్టుకుని తిరిగాడు.

హైదరాబాదులో ఒక ట్రస్టువాళ్లు కంప్యూటర్లు ఎన్నైనా ఇస్తామన్నారు గానీ, కూర్చుని ఆలోచించేవాళ్లకు జీతాలంటే నవ్వారు. చివరికి మా మామయ్య దగ్గరికి వెళ్లాం. జగ్గయ్యపేటలో మిర్చి హోల్‌సేల్ వ్యాపారి, చలివేంద్రం మొదలు సత్రంలో ఫ్యాను రెక్కల దాకా ఆయన పేరే. బావ చెప్పిందంతా ఓపిగ్గా విని, “అంతా బాగానే ఉంది అల్లుడుగారూ, మరి నా పేరు ఎక్కడ రాయిస్తారు?” అన్నాడు. బావ కంటే ముందే నేను అందుకుని, “దొంగలు పడకుండా భద్రత చూసే పని మామయ్యా, నీ పేరుకు చోటే లేదా!” అన్నాను.

“భద్రతా! ఆ ముక్క ముందే చెప్పొద్దట్రా!”

వారం తిరక్కుండా నందిగామ గదికి ఇనుప షట్టర్ వచ్చింది, కొబ్బరికాయంత తాళంతో, నిండా ఎర్రరంగులో దాత పేరుతో. అది మొదలు విజయవాడ వెళ్తూ ఆగినప్పుడల్లా మామయ్యది ఒకటే గొడవ, షట్టర్ ఎత్తితే పేరు చుట్టుకుపోతోందని. ఆ ఏడు తిరక్కముందే అద్దె కట్టలేక బావ దాన్ని దించేశాడు. మామయ్య పేరు బజారంతటికీ చక్కగా కనిపించింది. బావ ట్యూషన్లకు వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఎవరికి ఫోన్ చేసినా ముందు ఫోను మోసాల హెచ్చరికే మోగుతోంది, అన్నీ అప్పుడు బావ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినవే. ఆ రోజుల్లో ఒక్కరైనా ఆయన ఆలోచనకు అన్నం పెట్టి ఉంటే అని ఒళ్లు మండుతుంది, ఏం లాభం? నా డబ్బు పోయిన సంగతి చెప్పి అదే మాట అంటే, ఫోనులో అక్క అంది:

“ఒరేయ్, మామయ్య ఇచ్చిన తాళం మా అటక మీదే ఉంది. పట్టుకెళ్లి నీ నోటికి వేసుకో.”