కొసలు కత్తిరించిన ముడి

నల్గొండ జిల్లాలో పడవ పందాల మాట ఎత్తితే నవ్వని మనిషి నాకు తగల్లేదు. మా అవ్వ మాత్రం నవ్వేది కాదు, నేరుగా తిట్టేది. "తాగనీకె మంచినీళ్లు లేక బొక్కలు వంకరవోతుంటె, వీనికి నీళ్ల మీద ఆటలు గావాలె!" అనేది. ఫ్లోరైడు నీళ్లకు ఆమె కాళ్లు వంకరపోయి ఉండేవి. అయినా ఆదివారం తెల్లారితే చాలు, చౌటుప్పల్‌లో బండి తీసేవాణ్ణి. నల్గొండలో నా స్నేహితుణ్ణి ఎక్కించుకుని, దేవరకొండ దాటి, కృష్ణ మీది డ్యాం వెనుక నీళ్ల ఒడ్డుకు చేరేవాళ్లం.

రాష్ట్రం వచ్చిన కొత్తలో మొదలైంది ఈ పిచ్చి. మాది మగ్గం ఇల్లు. మా నాయిన చివరి దాకా మగ్గం గుంటలోనే కూర్చున్నాడు. నేను మాత్రం మందుల కంపెనీ గోదాములో ఉద్యోగానికి కుదిరాను. హైదరాబాద్‌కు చెందిన ఒక పెద్దాయన, రిటైరైన ఇంజనీరు, వెనుక నీళ్ల ఒడ్డున రేకుల షెడ్డు వేసి మూడు తెరచాప పడవలు పెట్టుకున్నాడు. గోదాములో నాతో పనిచేసే ఒకతను సరదాకు నన్ను అక్కడికి తీసుకుపోయాడు. ఇంజను లేదు, తెడ్డు లేదు, ఒట్టి గాలితో మనిషి నీళ్ల మీద పోతున్నాడు. అది చూసి నాకు మతి పోయింది. నన్ను తీసుకుపోయినవాడు రెండు వారాలకే మానేశాడు, నేను మానలేదు.

నా స్నేహితుడిది నల్గొండలో తాడిపత్రీల దుకాణం. లారీల మీద కప్పేవి, కళ్లాల్లో వడ్ల మీద పరిచేవి కుట్టేవాడు. పెద్దాయన తెరచాప ఒకటి చినిగితే దాన్ని మడతపెట్టి వాడి దగ్గరికి తెచ్చింది నేనే. వేళ్లతో నలిపి చూసి, "గిదేంది భయ్, తెల్ల తాడిపత్రే గదా! దీనికి గింత మర్యాదనా?" అన్నాడు. కానీ కుట్టేటప్పుడు మాత్రం నోరెత్తలేదు. చినిగిన చోటు ఎక్కడో వెతికినా దొరకనట్టు కుట్టాడు. తన కుట్టు గాలికి ఆగుతుందో లేదో చూస్తానని మరుసటి ఆదివారం నా వెంట వచ్చాడు, ఆగింది. అప్పటి నుంచి నాకంటే వాడి పిచ్చే ముదిరింది.

పడవ ఎక్కేది రెండు గంటలు, దాన్ని చూసుకునేది రోజంతా. అడుగు భాగం ఉప్పుకాగితంతో రుద్దాలి, పగుళ్లకు గుడ్డ అంటించి జిగురు పూయాలి, కప్పీలు తిరుగుతున్నాయో లేదో చూడాలి, తాళ్లు ఉతికి నీడలో ఆరేయాలి. పెద్దాయన ఇందులో చండశాసనుడు. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది: నీళ్లలోకి దిగే ముందు ఒకరు వేసిన ముడిని ఇంకొకరు లాగి చూడాలి. "నేను కట్టినా సరే, మీరు చూడాలె. మొహమాటం ఒడ్డు మీదనే వదిలిపెట్టాలె" అనేవాడు.

ఒకనాడు ఆయన మాకూ, హైదరాబాద్ నుంచి పడవలకు వచ్చే నలుగురైదుగురికీ రెండు తాళ్లను కలిపే ముడి నేర్పిస్తున్నాడు. చూస్తూ చూస్తూనే నాకు నవ్వొచ్చింది. అది మా ఇంట్లో ముడి. మగ్గం మీద పోగు తెగితే మా నాయిన కళ్లు మూసుకుని వేసేది అదే. నేను తాడు అందుకుని రెండు వేళ్లతో రెప్పపాటులో వేసి చూపించాను. అందరూ నోరు తెరిచారు. ఇంగ్లీషులో మాట్లాడుకునే ఆ గుంపులో నాకు తొలిసారి ఒక విలువ వచ్చింది. పెద్దాయన మెచ్చుకుని, "కానీ నూలు పోగు వేరు, నైలాన్ తాడు వేరు. ఇది నున్నగ ఉంటది, వదులైతే జారుతది. ప్రాణం ఆధారపడే కాడ ఈ ముడి వద్దు" అన్నాడు. ఆయన మొదట అన్న మెప్పు నా చెవుల్లో ఉండిపోయింది, తర్వాత అన్న మాట ఉండలేదు. ఉండనివ్వలేదు అనడమే నిజం. మా నాయిన చేతిని ఎవరో తక్కువ చేసినట్టు రోషపడ్డాను.

ఆ ఏడు పడమటి సముద్రంలో జరిగే పందానికి పోయే అవకాశం వచ్చింది. పెద్దాయన మిత్రుడొకాయనకు పెద్ద పడవ ఉంది, పనికి ఇద్దరు కావాలన్నాడు. పెద్దాయన మా ఇద్దరి పేర్లు ఇచ్చాడు. నా స్నేహితుడు సముద్రం చూడనే లేదు. "నీళ్లు ఉప్పగుంటయంటరు గదా, జర నాకి చూస్త" అని దుకాణానికి వచ్చిన లారీ డ్రైవర్లందరికీ చెప్పుకున్నాడు. సముద్రంలో పడవ ముందు కొసకు పోవాలంటే నడుముకు తాడు కట్టుకునే పోవాలి. అది అలవాటు కావడానికి వెనుక నీళ్ల మీదే సాధన మొదలుపెట్టాం.

అది రోహిణి కార్తె. ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా ఆకు కదల్లేదు. పొడవు తాడు ఉతికి ఆరేసి ఉంది, ఇంకా తడి ఆరలేదు. పొట్టివి రెండు ఉంటే నేను వాటిని కలిపాను. ఏ ముడి వేశానో చెప్పనక్కర్లేదు. వేశాక, జేబులోంచి చిన్న కత్తి తీసి కొసలు రెండూ ముడి దాకా కత్తిరించాను. మగ్గం దగ్గర పుట్టినవాడికే తోచే పని అది. పోగు కొసలు పొడవుగా ఉంటే, పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చులో తట్టుకుని పక్క పోగులను తెంపుతాయి, అందుకని మా నాయిన చిన్నప్పటి నుంచి కొసలు ఉంచితే నెత్తిన మొట్టేవాడు. నూలుకు గంజి పట్టి ఉంటుంది కాబట్టి ముడి ఆగుతుంది. నైలాన్ తాడుకు ఏం పట్టి ఉంటుంది? ఆ ఆలోచనే నాకు రాలేదు. ముడి ముద్దుగా కుదిరిందని మురిసిపోయాను.

వాడు కట్టుబాటు ప్రకారం వచ్చాడు. "చూడనియ్యి భయ్" అని చేయి చాపాడు.

"మా నాయిన ముడిని నువ్వేం చూస్తవ్‌రా? పోయి నీ తాడిపత్రి చూసుకో" అన్నాను.

వాడు నవ్వి చేయి వెనక్కి తీసుకున్నాడు. తాడు ఒక కొస నడుముకు తనే కట్టుకున్నాడు. రెండో కొసను తెరచాప కొయ్య మొదట్లో నేను కట్టాను.

పెద్దాయన చుక్కాని పట్టాడు. ముగ్గురం నీళ్ల మధ్యకు పోయాక ఈదురుగాలి లేచింది. మా దిక్కు ఆ కార్తెలో గాలి చెప్పి రాదు. ముందు తెరచాప కొక్కెం ఇరుక్కుపోతే, తీయడానికి వాడు ముందు కొసకు పాకాడు. బోర్లా పడుకుందామంటే ఒంటి మీది తేలుడు జాకెట్ అడ్డం వచ్చింది. విప్పి పక్కన పెట్టాడు. నేను చూశాను. తాడు ఉంది కదా అని ఊరుకున్నాను. మరుక్షణం పడవ పక్కకు ఒరిగింది, వాడు జారాడు. తాడు ఒక్కసారి బిగుసుకుంది, వదులైంది, మళ్లీ బిగుసుకోలేదు.

తెరచాప పడవకు బ్రేకు ఉండదు. చుక్కాని పట్టుకున్న పెద్దాయన అరుస్తూ తిప్పాడు. నేను జాకెట్ విసిరాను, అది గాలికి ఎటో కొట్టుకుపోయింది. వాడికి వచ్చింది చేదబావిలో నేర్చుకున్న నాలుగు బారల ఈత. మేం తిరిగి వచ్చేసరికి అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. నా స్నేహితుడి పేరు పెట్టి అరిచీ అరిచీ నా గొంతు పోయింది.

పెద్దాయన తాడు పైకి లాగాడు. తెగలేదు, కొస శుభ్రంగా ఉంది. అది రెండు తాళ్ల అతుకని ఆయనకు తెలియదు. "నడుము కాడి ముడి ఊడిందా?" అన్నాడు.

నేను "ఊఁ" అన్నాను.

ఆ ఊఁ తోనే అంతా అయిపోయింది. పోలీసులు అదే రాసుకున్నారు, ఊరు అదే చెప్పుకుంది. జాకెట్ విప్పేశాడట, తాడు కూడా సరిగ్గా కట్టుకోలేదట. రెండో నాడు పొద్దున చేపలు పట్టేవాళ్లు పుట్టి వేసుకుని వెతికి వాణ్ణి పైకి తీశారు. ఆ పుట్టిలో నేనూ ఉన్నాను. అందులో ఏం చూశానో ఎవరికీ చెప్పలేదు. పెద్దాయన ఆరు నెలల్లో పడవలు తీసేశాడు. నేను మళ్లీ పడవ ఎక్కలేదు.

వాడి భార్యను భాభీ అంటాను. భర్త పోయినామె ఇల్లు దాటని ఇద్దత్ గడువు ముగిశాక దుకాణం ఆమే తెరిచింది. వాడి మిషను మీదే తాడిపత్రీలు కుడుతుంది. అప్పటికి వాళ్ల బిడ్డకు నాలుగేళ్లు. ప్రతి ఆదివారం నేను నల్గొండ పోయి, మిషనుకు నూనె వేసి, బరువు చుట్టలు ఎత్తి పెట్టి వచ్చేవాణ్ణి. ఆ దుకాణంలో ఒక మాట వారం వారం వినాల్సి వచ్చేది. పిల్ల నీళ్ల సీసా మూత సరిగ్గా పెట్టకపోయినా, చెప్పు పట్టీ వదిలేసినా భాభీ అనేది: "మీ అబ్బా లెక్క చెయ్యకు. ఆయన సక్కగ కట్టుకోలేదు, మనల్ని గిట్ల జేసిండు." నేను తల వంచుకుని నూనె వేసేవాణ్ణి. నాలాంటి పిరికివాణ్ణి నేను ఎక్కడా చూడలేదు.

మొన్నటి ఆదివారం పిల్ల బడి సంచి జిప్పు పెట్టలేదు. భాభీ మళ్లీ ఆ మాట అంది. పదకొండేళ్ల పిల్ల రోషంగా, "నేను అబ్బా లెక్క లేను. నాకు అబ్బా అంటెనే ఇష్టం లేదు" అనేసి లోపలికి పోయింది.

మిషను పక్కన నేల మీద కూలబడి భాభీకి అంతా చెప్పాను. ముడి నాది, చూస్తానంటే చూడనివ్వలేదు, అడిగితే ఊఁ అన్నాను.

ఆమె మిషను ఆపింది. "ఏడేండ్లు," అంది. "మట్టిల పండుకున్న మనిషిని ఏడేండ్లు తిట్టిన. కూసోవెట్టి నా నోటితోని తిట్టిపిచ్చినవ్ గదన్నా."

నేను ఏడుస్తూ ఆమె కాళ్ల వైపు వంగాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. "నాకు గాదు. దానికి జెప్పు. నేను చెప్తె ఇగ నమ్మది" అని బిడ్డను పిలిచింది.

పిల్ల వచ్చి నా ఎదురుగా నిలబడింది. చెప్పిందంతా మళ్లీ చెప్పాను. నా మొహం నుంచి కళ్లు తిప్పకుండా విన్నది. "మరి అబ్బా నడుముకు కట్టుకున్నది?" అని అడిగింది.

"పుట్టిలకు ఎత్తినప్పుడు గట్లనే ఉండె బిడ్డా. చేపలోళ్లు ఇప్పనీకె చూసిన్రు, రాలె. కత్తితోని కోసి నీళ్లల్ల వారేసిన్రు."

ఆ పిల్ల ఏడవలేదు. నా వైపు మళ్లీ చూడలేదు కూడా. తల్లి వైపు తిరిగి, "అమ్మీ, ఇగ అబ్బాను ఏమనకు" అంది.