తొమ్మిదో రోజు దాకా

కోరుట్లలో రేణుక పొద్దంతా బీడీలు చుడుతుంది, మధ్యమధ్యలో ఫోన్‌లో కథ రాస్తుంది. మొగుడు మస్కట్ పోయి నాలుగేళ్లయింది, ఒక్కసారే సెలవుకొచ్చాడు. సగంలో ఆపేసిన టీవీ సీరియల్ ఒకటుంటే, అందులోని జంటను అట్లా వదిలేయబుద్ధి కాక తనే ముందుకు నడిపిస్తోంది. కోటీశ్వరుడైన హీరోను దుబాయ్ కూలీని చేసి పారేసింది. అభిమానులు రాసే ఇలాంటి కథల్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారని ఆ యాప్‌లో చేరాకే తెలిసింది.

ఐదో భాగంలో హీరోను సెలవుకు రప్పించి, ఆ ఇద్దర్నీ పడకగదిలోకి పంపింది. అంతే, వందల్లో ఉన్న పాఠకులు వేలయ్యారు. కథ ఆపి రోజూ అదే రాయమని ఒకటే పోరు. మెచ్చుకుంటే లొంగనిదెవరు? వరసగా మూడు భాగాలు మంచం దిగకుండా రాసింది.

పక్కన కూచుని బీడీలు చుట్టే సమ్రీన్‌కే మొదట చదివి వినిపిస్తుంది. సమ్రీన్ భర్తా గల్ఫ్‌లోనే, దుబాయ్‌లో. ఎప్పుడూ ముక్కు చీదుతూ వినే ఆ పిల్ల ఈ మూడింటికీ ఆవలించింది.

"ఏందే, మంచిగ లేదా?" అంది రేణుక.

"మంచిగనే ఉందక్కా. గని గీమె ఎవరో, మన పిల్ల గాదు. గన్ని దినాలకు మొగుడస్తే మన పిల్ల మొదలు ఏడుస్తది, కొట్లాడుతది."

రేణుకకు చురుక్కుమంది. సెలవుకొచ్చిన తన మొగుడు ఎవరో పరాయివాడిలా అనిపించాడు. ఎట్లున్నవని కూడా అడక్కుండానే దగ్గరికి లాక్కున్నాడు. ఆ బాధ ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. తన కథలో మాత్రం అట్లా జరగనిచ్చేది లేదనుకుంది.

ఐదో భాగం నుంచి అన్నీ తీసేసి మళ్లీ రాసింది. భర్త నలభై రోజుల సెలవుకొస్తాడు. దుబాయ్‌లో కూలీలుండే క్యాంపులో ఇరుకు మంచానికి అలవాటుపడ్డ మనిషి, గోడవైపు ముడుచుకుని పడుకుంటాడు. ఆమె అన్నం పెట్టి, ఏం మాట్లాడాలో తెలియక కూచుంటుంది. తొమ్మిదో రోజు ఆమె చేతిమీద కాలిన మచ్చ చూసి, "గిది ఎప్పుడైంది?" అంటాడు. ఆమె చెబుతుంది, అతను లేని రోజులన్నీ చెబుతుంది. అంతా విని ఆ మచ్చను ముద్దు పెట్టుకుంటాడు. పడకగది అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఈసారి రేణుక ఏదీ దాచకుండా రాసింది.

సగంమంది తిట్టి వెళ్లిపోయారు. రేణుక ఏడ్చింది గానీ ఒక్క వాక్యం మార్చలేదు.

సమ్రీన్ అంతా విని ముక్కు చీదుకుంది.

"అక్కా, మా ఆయన అచ్చే నెల అస్తుండు. తెలుగు సదువస్తది ఆయనకు. గిది నాకు పంపియ్యి. విమానం ఎక్కకముందే సదువుకొని రమ్మంట."