పండుగప్ప కోసం పోయిన మా మామ

మొన్న మా మనవరాలు తిరుపతి మార్కెట్టు నుంచి ఐసులో పెట్టిన పండుగప్ప తెచ్చింది. "ఇది ఉప్పునీటి చేప, తెలుసా తాతా?" అని నాకే పాఠం మొదలుపెట్టింది. బడిపంతులుగా జీవితమంతా గొంతు చించుకున్నవాణ్ణి, నాకు పాఠమా! తెలుసమ్మా తల్లీ, బాగా తెలుసు. ఆ చేప కోసమే మా మామ, అంటే మీ అవ్వను కన్న నాయన, ఏర్పేడు నుంచి సముద్రం దాకా పోయినాడు. తోడుగా నన్నూ ఈడ్చుకుపోయినాడు.

అప్పటికింకా తెల్లదొరల రాజ్యమే. నాకు పెళ్ళయి ఏడాది. శివరాత్రికి ముందు మా అత్తకు విషజ్వరం పట్టుకొని ఉగాదికి వదిలింది గానీ నోరు మాత్రం చచ్చిపోయింది. గంజి తాగినా కక్కేసేది. మనిషి చాపకు అతుక్కుపోయింది. "ఏదో ఒకటి తినకపోతే దక్కదప్పా" అని వైద్యుడు చేతులెత్తేసినాడు. ఆమె పుట్టిల్లు పులికాటు సరస్సు ఒడ్డున. ఒకనాడు "పండుగప్ప పులుసుంటే రెండు ముద్దలు తిందును" అన్నింది. అంతే, మరుసటి పొద్దుకు మేమిద్దరం రైల్లో ఉన్నాము.

మామ చెరువు కింద సేద్యం చేసే మనిషి. సముద్రం మొహం చూసినవాడు కాదు. ఇంటి నుంచే వెదురు గాలం, అరిటాకులో తడిమట్టితో చుట్టిన ఎర్రలు తెచ్చుకున్నాడు. సరస్సు ఒడ్డున ఆ పొట్లం విప్పేసరికి, మేము రోజంతటికీ బాడుగకు మాట్లాడుకున్న పడవాయన పడీ పడీ నవ్వినాడు. "ఉప్పునీళ్ళలో ఇవి గడియ కూడా బతకవు సామీ!" ఊళ్ళో ఒకరి మాట విని ఎరగని మా మామ, "అయితే నువ్వే నేర్పప్పా" అని ఆయన ముందర చతికిలబడినాడు. నేను నోరు తెరుచుకొని చూసినాను.

సరస్సు మధ్యలో ఒక చోట నీళ్ళు కదలడం చూసి మామ గాలం వెయ్యబోతే పడవాయన చెయ్యి పట్టుకున్నాడు. "ఈడ వెయ్యగూడదు సామీ. ఈ పొద్దు ఈ నీళ్ళ వంతు పక్క పల్లెది. మా వంతు ఎల్లుండి." ఏ నీళ్ళలో ఏ పల్లె ఏనాడు చేపలు పట్టాలో వాళ్ళకొక కట్టుబాటంట. ఎల్లుండి దాకా అత్త ఉంటుందో ఉండదో! నేను మామ చెవిలో, "చుట్టూ నరపురుగు లేదు. ఒక్క చేపే గదా" అన్నాను. ఆయన చూసిన చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"మన చెరువు నీళ్ళు నా వంతునాడు ఇంకొకడు తిప్పుకుంటే పార తీసుకొని పోనా అల్లుడూ? వీళ్ళకు మాత్రం కడుపు లేదా?" అన్నాడు. పడవాయన దిక్కు తిరిగి, "వంతు లేని నీళ్ళు యాడుండాయప్పా?" అని అడిగినాడు.

"సముద్రంలో ఉండాయి. అయితే ఆడ పండుగప్ప దొరకదు. పడితే వంజరం పడుతుంది."

సరస్సు దాటి అలల మీదికి ఎక్కినామో లేదో నేను పడవ అడుగున పడిపోయినాను. మిగతాది చెప్పను. మామ కూడా కక్కినాడు, కక్కుతూనే పడవాయన ఇచ్చిన గాలం దారం వదల్లేదు. పొద్దు నడినెత్తికొచ్చినాక దారం సర్రున లాగింది. అరచెయ్యి కోసుకుపోయి నెత్తురు కారుతున్నా, "రా తల్లీ, రా" అని చేపను బతిమాలుకుంటూ, పడవాయన చెప్పినట్టల్లా వదులుతూ లాగుతూ, చెయ్యంత పొడుగు వంజరాన్ని పడవలోకి వేసినాడు. అబ్బా, ఏం మనిషి!

ఉప్పూ పసుపూ పట్టించి ఇంటికి తెచ్చినాము. ఆ రోజుల్లో అత్త అల్లుడి ఎదుట పడేది కాదు. నేను నడవలో కూర్చుంటే లోపలి నుంచి గొంతు వినిపించింది. "ఇది పండుగప్ప కాదే." నా ప్రాణం ఉసూరుమంది.

"కాదు. ఆ నీళ్ళ వంతు మనది కాదన్నారు" అన్నాడు మామ.

ఆమె, "మా ఊళ్ళో వంతు తప్పి పట్టిన చేపను ఎవురూ ఇంట్లోకి రానియ్యరు. నువ్వు అట్లా తెచ్చుంటే నా గొంతు దిగేది కాదు" అన్నింది. ముద్ద కలిపిన చప్పుడు. కాసేపటికి, "కొంచెం పులుసు పొయ్యి" అన్నింది. మామ గుడ్డ కట్టిన చేత్తో వచ్చి నా పక్కన కూర్చొని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అత్త ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికింది. మామ ఆమె కంటే ముందే పోయినాడు. వాళ్ళ వంతు కాలం వాళ్ళు నిక్కచ్చిగా గడిపి పోయినారు. నాకు మిగిలిన నాలుగు రోజులూ ఇంకొకరి వంతులో చెయ్యి పెట్టకుండా గడిస్తే చాలనుకుంటూ, మనవరాలి చేత రెండోసారి పులుసు పోయించుకున్నాను.