పాలు పొంగుతున్నాయి మావయ్యా

ఒక సోమవారం పొద్దున పదకొండింటికి అమ్మ ఫోన్ చేసి, "ఎదురింటి మావయ్య పోయారే" అంది. నేను రిజర్వేషన్ కౌంటర్లో ఉన్నాను. కిటికీ అవతల చాంతాడంత లైను. ముందున్న ముసలాయన పూరీ వెళ్ళడానికి ఫారం నింపి చేతికిచ్చాడు. ఆయనకి కింది బెర్తు చూసి టికెట్ ఇచ్చి, అప్పుడు కౌంటర్ మూసి లేచాను. మావయ్య ఉంటే అదే చెయ్యమనేవారు. ఎవరి పనైనా సగంలో వదిలేస్తే ఆయనకి ఒళ్ళు మండేది.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య చెప్పింది. ఛాయ్ తాగారట, గ్లాసు కింద పెట్టి పేపరు తెమ్మన్నారట. ఆవిడ పేపరు తెచ్చేసరికి కుర్చీలోనే తల వాల్చేశారు. ఆస్పత్రి లేదు, ముక్కులో గొట్టాలు లేవు, ఎవరిచేతా చేయించుకోలేదు. ఏడుపొచ్చింది, నిజమే. దానితోపాటే, ఇలా చెప్పొచ్చో లేదో గానీ, ఒక ఊరట కూడా వచ్చింది. ఆయన కోరుకున్నట్టే పోయారు, కోరుకున్న ఊళ్ళోనే పోయారు.

మావయ్య అంటే మాకు చుట్టమేమీ కాదు. దేవేంద్ర నగర్‌లో మా ఇంటికి ఎదురుగా కింది వాటాలో ఉండేవారు. గూడ్సు బండికి గార్డుగా చేసి రిటైరయ్యారు. మా నాన్నగారితో కలిసి ఉద్యోగంలో చేరి రాయపూర్ వచ్చినవాళ్ళలో ఒకరు. నాన్నగారు పోయి, ఆ ఉద్యోగం బదులు నాకు ఈ కౌంటరు ఉద్యోగం వచ్చాక, అమ్మకీ నాకూ మగదిక్కు అనండి, పెద్దదిక్కు అనండి, ఆయనే.

వీధిలో ఎవరు ఊరెళ్తున్నా గేటు దగ్గర నిలబడి ఆటో మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపేవారు. "ముప్పై ఏళ్ళు బండి చివర డబ్బాలో నిలబడ్డానమ్మా, వెనక మిగిలినవాళ్ళని చూడ్డం అలవాటైపోయింది" అనేవారు. వేసవిలో చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ, పక్కింటి ఛత్తీస్‌గఢ్ వాళ్ళు తినే బోరే బాసీ గిన్నెలోకి తొంగిచూసి, "అరె భయ్యా, మనిద్దరిదీ ఒకటే వంట" అని నవ్వేవారు.

అడిగినా అడక్కపోయినా సలహా ఇవ్వడం ఆయన జబ్బు. పిల్లాణ్ణి ఏ బడిలో వెయ్యాలి, స్కూటీ కొనాలా సైకిలు చాలా, పెళ్ళికొడుకు తల్లి ఎక్కువ మాట్లాడితే మంచిదా తక్కువ మాట్లాడితే మంచిదా, అన్నింటికీ ఆయన దగ్గర జవాబుండేది. అన్నీ బంగారం సలహాలని మాత్రం చెప్పను. ఆయన మాట విని కొన్న కూలరు మూడు వేసవుల పాటు మా ముందు గదిని చేపల బజారు చేసింది. ఆ మాటంటే, "వాసన వస్తే వచ్చింది, చల్లగా ఉందా లేదా?" అని నా మీదే గయ్యిమనేవారు. కానీ పెద్ద విషయమైతే మాత్రం ముందు "అన్నం తిన్నావా?" అని అడిగేవారు. "కడుపు నిండాక కూడా అదే మాట అంటే అప్పుడది నీ మాట. ఆకలి మీద అన్నది నీ మాట కాదు."

ఆయన కథ ఒకటి చెప్పాలి. రిటైరయ్యాక విజయనగరం దగ్గర ఇల్లు కట్టుకుని, సామాను మొత్తం బండికెక్కించుకుని "మన వైపు" వెళ్ళిపోయారు. ఇక్కడి మన తెలుగువాళ్ళందరి నోటా ఉండే మాట అది, మన వైపు. కాలనీ అంతా దండలు వేసి, బ్యాండు పెట్టి సాగనంపింది. పదకొండు నెలలు తిరక్కుండా రెండు ట్రంకు పెట్టెలతో అత్తయ్యని తీసుకుని మళ్ళీ రాయపూర్ స్టేషన్లో దిగారు. అత్తయ్య మోకాళ్ళకి అక్కడి గాలి పడలేదని అందరికీ చెప్పారు. అత్తయ్య మోకాళ్ళు శుభ్రంగానే ఉన్నాయి.

నాకు అసలు సంగతి చెప్పింది పదేళ్ళ కిందట, నా బదిలీ గొడవప్పుడు.

బొబ్బిలి నుంచి మా చుట్టాలు ఫోన్ చేసినప్పుడల్లా, "మీ ఆయనే లేడు, ఇంకా ఆ హిందీ దేశంలో ఏటి చేస్తారే?" అని అమ్మని దెప్పేవారు. అమ్మ నిట్టూర్చేది. సరే, అమ్మ కోసం వెళ్దామని మ్యూచువల్ వెతికాను. అంటే ఒకే హోదాలో ఉన్న ఇద్దరు ఉద్యోగులు, నీ చోటికి నేను, నా చోటికి నువ్వు అని సంతకాలు పెట్టుకుని బదిలీ అవడం. ఒకరు వెనక్కి తగ్గితే రెండోవారిదీ ఆగిపోతుంది. నాకు దొరికింది విశాఖపట్నంలో పనిచేస్తున్న ధర్సీవా అతను. ధర్సీవా మా రాయపూర్ పక్కనే. "దీదీ, మా అమ్మ ఒక్కర్తే ఉంది, చూపు తగ్గిపోతోంది, త్వరగా చెయ్యండి" అని రెండ్రోజులకోసారి ఫోన్ చేసేవాడు. ఇద్దరం సంతకాలు పెట్టేశాం. నా కాగితం మా పై అధికారి బల్ల మీదికి చేరింది. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టడం మానేసింది.

మావయ్య నా మొహం చూసి వచ్చి కూర్చున్నారు.

"అన్నం తిన్నావా?"

"తిన్నాను."

"సరే. విశాఖపట్నంలో పొద్దున్నే లేచి తలుపు తీశావనుకో. ఎవరు కనిపిస్తారు?"

నాకు ఒక్క మొహం కూడా తట్టలేదు. "ఇక్కడ తీస్తే మీరు కనిపిస్తారు" అన్నాను కోపంగా.

"నన్ను తీసెయ్, నేను ఇవాళో రేపో" అని, అప్పుడు చెప్పారు. "అక్కడ మమ్మల్ని 'రాయపూర్ వాళ్ళు' అన్నారమ్మడూ. ఇక్కడ 'ఆంధ్రావాళ్ళు' అంటారు. ఎక్కడైనా పరాయివాణ్ణే. కాకపోతే ఇక్కడ ఛాయ్ కొట్టువాడికి నా చక్కెర ఎంతో తెలుసు. పదకొండు నెలలు అక్కడ ఎవరూ నా పేరు పెట్టి పిలవలేదు. తిరిగొచ్చేస్తే నవ్వుతారని అందులో ఆర్నెల్లు ఉత్తినే ఉండిపోయాను. ఇంతకీ వెళ్ళాలని ఎవరికుంది?"

"అమ్మకి."

ఆయన వంటింటి వైపు తిరిగి, "చెల్లెమ్మా, ఇలా రా" అని కేకేశారు. అమ్మ తడి చేతులతో వచ్చింది. "నీకు వెళ్ళాలని ఉందా?"

అమ్మ నా వైపు చూసింది. "దానికుంది కదా అన్నయ్యగారూ. నా మూలంగా ఆగిపోకూడదని నేనేం మాట్లాడలేదు."

"దానికి లేదట."

"ఓలమ్మో!" అని అమ్మ నేల మీద కూలబడి నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఎవరికీ అక్కర్లేని పనిని ఒకరి కోసం ఒకరం ఎంత శ్రద్ధగా చేసుకుపోతున్నాం! మర్నాడు ఆఫీసుకి పరిగెత్తాను. కాగితం ఇంకా ఆ బల్ల మీదే ఉంది. కాగితాలు కదలవని రోజూ తిట్టుకునేదాన్ని, ఆ రోజు ఆ బల్లకి దండం పెట్టాలనిపించింది. వెనక్కి తీసేసుకున్నాను.

ఇక ధర్సీవా అతనికి చెప్పాలి. చెప్పలేకపోయాను. "క్షమించండి, నేను రాలేను" అని మెసేజ్ పెట్టి, అతని నంబరు బ్లాక్ చేసేశాను. నా జీవితంలో నేను చేసిన అతి పిరికి పని అది. తెలిసి మావయ్య మండిపడ్డారు. "రోజూ వందమందికి టికెట్ లేదని మొహం మీద చెప్తావు, ఈ ఒక్కడికి చెప్పడానికి నోరు రాలేదా? నంబరియ్యి ఇటు" అని తీసుకున్నారు.

నెలలు గడిచాయి. ఒక సాయంత్రం మావయ్య వచ్చి, "ఆ ధర్సీవా అబ్బాయి ఉన్నాడే..." అని మొదలెట్టారు. వాళ్ళమ్మ పోయిందనే అనుకున్నాను. కొడుకు దగ్గర లేకుండా, చూపు లేకుండా, నా వల్ల. "పాలు పొంగుతున్నాయి మావయ్యా" అని వంటింట్లోకి పారిపోయాను. పొయ్యి మీద పాలే లేవు. ఇంకోసారి ఎత్తారు, ఇంకోసారి పాలు పొంగాయి. మూడోసారి లేచి చెప్పులేసుకుంటూ, "నీ పాలు పొంగడం ఆగినప్పుడు చెప్తాలే" అన్నారు. ఇక ఎత్తలేదు. నేనూ అడగలేదు. పదేళ్ళు! రోజూ ఎదురుగా కనిపించే మనిషిని ఒక్క ముక్క అడగలేకపోయాను. ఉన్న ఊళ్ళో హాయిగానే ఉన్నాను, కానీ కౌంటర్లో ఎవరైనా ధర్సీవా అంటే తలెత్తి మొహం చూసేదాన్ని కాదు. మావయ్య పోయిన రోజు శవం పక్కన కూర్చుని నేను ఏడ్చింది సగం దానికే. ఇక చెప్పేవాళ్ళెవరూ లేరు కదా అని.

పదో రోజున ఎదురింటికి వచ్చేవాళ్ళకి ఛాయ్ మా ఇంట్లోనే పెడుతున్నాం. పొయ్యి మీద పెద్ద గిన్నెతో పాలు పెట్టి ముందు గదిలోకి వచ్చాను. గుమ్మంలో ఎవరో నలభై ఏళ్ళ మనిషి.

"నమస్కారమండీ. అత్తయ్యగారు మీకే ముందు చెప్పమని పంపారు, మీకింకా తెలీదంట. నేను ధర్సీవా నుంచి" అన్నాడు. తెలుగులో! విశాఖపట్నంలో నేర్చుకున్న తెలుగు, నా హిందీ కలిసిన తెలుగు కన్నా శుభ్రంగా ఉంది. అలవాటుగా నోటి దాకా వచ్చేసింది, పాలు పొంగుతున్నాయని.

అంతలో అతను వెనక్కి తిరిగి, "రా దాయీ, మెల్లగా" అంటూ ఒక ముసలావిడని చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించాడు. తెల్లబడిన కళ్ళు, చేతులకి వెండి కడియాలు.

"మా అమ్మ. మావయ్యగారింటికి నేనూ వస్తానని ఒకటే గొడవ" అన్నాడు.

నేను కుర్చీలో కూలబడ్డాను. ఆవిడ తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుని, నా చెయ్యి దొరకపుచ్చుకుని, రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. గట్టి చేతులు, వెచ్చగా ఉన్నాయి.

"మీరు రానన్నారని నాకు చాలా కోపమొచ్చిందండీ, అబద్ధమెందుకు" అన్నాడు అతను. "వారం తిరక్కుండా మావయ్యగారు ఫోన్ చేశారు. నీకింకొకర్ని వెతికి పెట్టే పూచీ నాది అన్నారు. రిటైరైనవాళ్ళ పాసు ఉంది కదా, దాంతో భిలాయి, దుర్గ్, దారిలో ఉన్న ప్రతి బుకింగ్ ఆఫీసూ ఎక్కి దిగారు. మీ వైపు వెళ్ళాలని ఏడుస్తున్న మనిషి చివరికి దుర్గ్‌లో దొరికాడు. ఏడు నెలలు పట్టింది..."

అతను చెప్తూనే ఉన్నాడు. వంటింట్లో చుయ్యిమని చప్పుడైంది. మాడు వాసన ముందు గది దాటి వీధిలోకొచ్చింది. ఎదురింటి గుమ్మంలోంచి అమ్మ అరిచింది, "ఒసే, పాలు పొంగిపోతున్నాయే!"

ముసలావిడ చేతుల్లో నా చెయ్యి అలాగే ఉంది.

"పొంగనీయమ్మా" అన్నాను. "ఊఁ, చెప్పండి. తర్వాతేమైంది?"